హాజరు పట్టీలో ఇరవై మూడో నంబరు

మా ఇన్‌స్టిట్యూట్‌లో జపనీస్ సినిమా వేసినప్పుడు తెర కింద పడే తెలుగు అక్షరాలు వాటంతట అవే రావు. చూసేవాళ్ళు మాత్రం అవి సినిమాతోపాటే డబ్బాలో వచ్చాయనుకుంటారు. మాకు వచ్చే సినిమాలకు తెలుగు ఉండదు. మాటలన్నీ మేము టైటిల్ మేడమ్ అనే మా జపనీస్ టీచరు ముందే తెలుగులో రాసుకుంటుంది. సినిమా రోజున పైన ప్రొజెక్టర్ గదిలో నా పక్కన కూర్చుని, తెర మీద మనిషి నోరు తెరిచినప్పుడల్లా మీట నొక్కి ఒక్కో లైనూ వదులుతుంది. సినిమాకు వెయ్యి పైచిలుకు లైన్లు. ముందే పడితే నవ్వు చెడుతుంది, ఆలస్యంగా పడితే ఏడుపు చెడుతుంది. అందుకని ఆ రెండు గంటలూ ఆ మనిషి నీళ్ళు తాగదు, దగ్గదు, నేను పలకరిస్తే పలకదు. పన్నెండేళ్ళుగా ఇదే తంతు. నేనేమో ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ప్రొజెక్టరు వేస్తున్నాను, తాళాలు తీస్తున్నాను, టీలు మోస్తున్నాను, కాగితాలు తిప్పుతున్నాను. ఇద్దరిలో ఎవరి బతుకు ఎక్కువ విసుగో తేల్చమంటే నావల్ల కాదు.

అందరికీ ఆమె మేడమే గానీ నాకు మాత్రం అమ్మాయి, ఆమెకు నేను బాబాయిని. నలభై రెండేళ్ళు ఉంటాయి. అక్కా బావల ఇంట్లో మేడ మీద గది. పొద్దున ఒక కాలేజీలో జపనీస్ పాఠం, మధ్యాహ్నం ఒక ట్యూషన్ సెంటర్లో, సాయంత్రం మా దగ్గర. మూడు చోట్లా గంటల లెక్కన పని, ఒక్కచోటా తనదనే కుర్చీ లేదు. బస్సులు మారీ మారీ వచ్చి మా మెట్ల మీద కూలబడి చెప్పులు విప్పి పాదాలు నొక్కుకోవడం నేను రోజూ చూస్తాను.

వాళ్ళ బావ సరదా మనిషి. ఒకసారి సినిమాకు వచ్చి, "మా మరదలు జపాను వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేసరికి మాకు మాటలు మిగల్చదండీ," అని నాతో నవ్వాడు. ఆమె మాట్లాడకపోవడానికి కారణం ఆయనకు తెలియదు. గొంతులో కాయలు కాశాయని డాక్టరు చెప్పిందట. అరిచి పాఠాలు చెప్పడం మానెయ్యమంది, మానకపోతే ఉన్న గొంతు కూడా పోతుందంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. వేడినీళ్ళు తెచ్చిచ్చేది నేనే కాబట్టి నాకు మాత్రం చెప్పింది.

"మాట్లాడి బతికేదాన్ని బాబాయ్, మాట్లాడొద్దంటే ఎలా?" అంది. నేను ఇంకో గ్లాసు వేడినీళ్ళు పోశాను.

అలాంటి సమయంలో బేరింగులు చేసే ఒక ఫ్యాక్టరీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. జపాన్ ఇంజనీర్లకూ ఇక్కడి పనివాళ్ళకూ మధ్య కూర్చుని మాటలు చేరవేసే దుబాసీ కావాలట. పక్కా ఉద్యోగం, అదీ ఒక్కటే. ఆరు నెలల తర్వాత మా సినిమా రోజున వస్తారు, పొద్దున పిల్లలతో కూర్చుని సినిమా చూస్తారు, మధ్యాహ్నం ఐదుగురిని పిలిచి మాట్లాడతారు. షరతులు రెండు. మా పై క్లాసులో విద్యార్థిగా పేరుండాలి. హాజరు నూటికి డెబ్బై ఐదు ఉండాలి. వయసు ఊసు లేదు. ఆ ఉత్తరం నోటీసు బోర్డుకు గుచ్చింది నేనే. మేడమ్ దాని ముందు నిలబడి రెండుసార్లు చదివింది.

"కూర్చుని మెల్లగా మాట్లాడే ఉద్యోగం బాబాయ్. ఎవరి మీదా గొంతెత్తక్కర్లేదు. నాకు కావాలి," అంది.

ఆ మనిషి నోట 'నాకు కావాలి' అనే మాట పన్నెండేళ్ళలో నేను వినలేదు.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు, ఉన్నమాట చెప్పాలి. కాగితం మీద ఏది ఎలా ఉందో అలా జరిగితే చాలు, ఆయన కడుపు నిండిపోతుంది. "మీరు పాఠం చెప్పే మనిషి కదా మేడమ్, విద్యార్థి ఎలా అవుతారు? ఫీజు కట్టి చేరండి. పేరుంటే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. చేరింది. తను చెప్పే క్లాసులో తనే ఇరవై మూడో నంబరు. చెప్పినందుకు జీతం, విన్నందుకు ఫీజు.

సాయంత్రం క్లాసులో ఇరవై రెండు పేర్లూ పిలిచేది, పిల్లలు ఉన్నామన్నట్టు వరసగా "హై" అనేవాళ్ళు. తన పేరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగేది. ముందు బెంచీలో మందుల షాపులో పనిచేసే పొడుగమ్మాయి ఉండేది, మహా గడుసుది. "మేడమ్, మీరొచ్చారా?" అని అడిగేది. "బస్సు దొరికితే వచ్చినట్టే," అని ఈమె టిక్కు పెట్టుకునేది. క్లాసంతా నవ్వేవాళ్ళు. పిల్లలతో పాటు పరీక్ష కూడా రాసింది. పేపరు ఇచ్చిందీ దిద్దిందీ బయటివాళ్ళు. మేడమ్ మొదటిది, పొడుగమ్మాయి రెండోది. ఆ పిల్ల రెండోది అయినందుకే ఈమెకు ఎక్కువ సంబరం. అదో రకం మనిషి.

ఇక సినిమాల సంగతి చెప్పాలి, చెప్పాలంటే నాకు నామీదే ఒళ్ళు మండుతుంది. హాలు నిండడం లేదని డైరెక్టరు ఒక ఎత్తు వేశాడు. ఒక్కో సినిమా నాలుగు క్లాసుల కింద లెక్క. దాంతో హాలు కిటకిటలాడింది. ఇంటర్వెల్లో సంతకాల కాగితం తిప్పేది నేనే. మొదటి వరస నుంచి చివరి వరసదాకా తిప్పి, అక్కడికక్కడే అడుగున గీత కొట్టి, కిందికి దిగి ఆఫీసులో ఇచ్చేస్తాను. గుమాస్తా వాటిని హాజరు పట్టీలోకి ఎక్కిస్తాడు. ఆరు నెలల్లో ఆరు సినిమాలు, ఆరుసార్లు తిప్పాను. పైన గదిలో ఇరవై మూడో నంబరు కూర్చుని ఉందన్న ఆలోచన ఈ మట్టిబుర్రకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమెకూ తట్టలేదు. ఇంటర్వెల్లో ఆమె రెండో సగం లైన్లు సరిచూసుకుంటూ ఉంటుంది. మేము సినిమా వేసేవాళ్ళం, చూసేవాళ్ళం కాదు. మా ఇద్దరికీ అది అంతగా అలవాటైపోయింది.

ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చే రోజు పొద్దున ఐదు పేర్ల జాబితా బోర్డు మీద పెట్టారు. పైన పొడుగమ్మాయి పేరు. మేడమ్ పేరు కింద కూడా లేదు. ఆఫీసులోకి వెళ్ళి అడిగితే గుమాస్తా పట్టీ తెరిచి ఇటు తిప్పాడు. క్లాసులు నలభై ఎనిమిది, అన్నిటికీ టిక్కు. సినిమాలవి ఇరవై నాలుగు, అన్నిటికీ సున్నా. డెబ్బై రెండింటికి నలభై ఎనిమిది, చాలదు.

ఆమె గోడకు ఆనుకుని కాసేపు ఆ సున్నాలనే చూసింది. "వేసింది నేనే కదండీ," అంది. గుమాస్తా తల దించుకుని ఏదో రాసుకోసాగాడు. పదవుతోంది, హాల్లో జనం కూర్చున్నారు. ఆమె లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. ఇంకేం చేస్తుంది?

మూడో వరసలో ఫ్యాక్టరీ వాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. జపాన్ నుంచి వచ్చిన మేనేజరు, తెల్లజుట్టు ఆయన. పక్కన ఇక్కడి ఆఫీసరు, ఆయనకు తెలుగే గానీ జపనీస్ ముక్క రాదు. సినిమా గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన కథ, కాస్త నవ్వుల సినిమా. నేను పక్కకి తిరిగి చూసేసరికి మేడమ్ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కింద హాలు పగలబడి నవ్వుతోంది. ఒక్క లైను కూడా తప్పలేదు.

ఇంటర్వెల్లో నేను ఆ రోజు కాగితం సంగతి వదిలేసి ఆఫీసులోకి వెళ్ళాను. గుమాస్తా బయట టీ తాగుతున్నాడు. సొరుగులోంచి పాత కాగితాలు ఆరూ లాగి పైకి తెచ్చాను.

"చివర చోటుంది. సంతకాలు పెట్టెయ్యమ్మా. నువ్వు లేకపోతే కదా తప్పు, ఉన్నావు. కాగితం పైకి తేనిది నేను, తప్పు నాది," అన్నాను.

ఒప్పుకోదనుకున్నాను. ఎవరైనా పక్కవాడి సంతకం పెడితే క్లాసు బయట నిలబెట్టే మనిషి. ఆమె చెయ్యి చాపి పెన్ను అందుకుంది. ఆరు కాగితాల మీదా గీత కింద చకచకా సంతకాలు పెట్టింది.

"సిగ్గుగా లేదు బాబాయ్. అలిసిపోయాను," అంది. మళ్ళీ మీట మీద వేలు పెట్టుకుంది.

సినిమా అయ్యాక ఇద్దరం డైరెక్టరు గదికి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు ఒక్కొక్కటే చూశాడు.

"మేడమ్, ఈ ఆరు రోజులూ మీరు హాల్లో ఉన్నారా?"

"పైన ఉన్నాను సార్."

"ఎందుకున్నారు?"

"టైటిల్స్ వెయ్యడానికి."

"మరి డ్యూటీలో ఉన్నారన్నమాట. డ్యూటీ పట్టీలో మీ సంతకం కూడా ఉంది. ఒకే గంటలో డ్యూటీ చేశారని ఒక కాగితం, కూర్చుని చూశారని ఇంకో కాగితం. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?"

"క్లాసు చెప్పేటప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నాను కదా సార్. ఆ టిక్కులు చెల్లాయి."

డైరెక్టరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట పైకి అనకండి. అంటే అవి కూడా కొట్టెయ్యాలి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, కాగితం పైకి తీసుకెళ్ళనిది నేను. ఆ అమ్మాయిని ఎందుకండీ," అని మొదలుపెట్టాను.

"నువ్వు టీ సంగతి చూడు," అన్నాడు. తర్వాత మేడమ్ వైపు తిరిగి మరీ మెత్తగా అన్నాడు. "ఇంకో సాయం కావాలి మేడమ్. వాళ్ళకు దుబాసీ లేడు. లేకే కదా ఇంత దూరం వచ్చింది. మధ్యాహ్నం ఇంటర్వ్యూల్లో ఆ మేనేజరుకూ మాకూ మధ్య మీరు కూర్చోవాలి."

బల్ల మీద చెయ్యి చరిచి బయటికి వస్తుందనుకున్నాను. వస్తే నేనూ తాళాల గుత్తి అక్కడే పడేసి వెంట నడిచేవాణ్ణి, దేవుడి సాక్షిగా. ఆమె, "ఎన్నింటికి సార్?" అని అడిగింది.

బయటికి వచ్చాక ఉండబట్టలేక తిట్టాను. "నీకు పౌరుషం లేదా? వాళ్ళ పాట్లు వాళ్ళు పడనీ."

"లోపలికి వెళ్ళే ఐదుగురూ నా పిల్లలు బాబాయ్. వాళ్ళు చెప్పింది ఆ ఆఫీసరుకు సరిగ్గా అందకపోతే నష్టం వాళ్ళకి," అంది. తర్వాత వేడినీళ్ళు అడిగింది. తెచ్చిచ్చాను.

రెండింటికి మొదలైంది. పేర్లు పిలవడం, టీ అందించడం నా వంతు. మేడమ్ మేనేజరుకు కొంచెం వెనకగా ఒక స్టూలు మీద కూర్చుంది. దుబాసీ పనికి ఒక పద్ధతి ఉంది, క్లాసులో ఆమె చెబుతుంటే కిటికీ బయట నుంచి నేను విన్నదే. ఎదుటి మనిషి 'నేను' అంటే దుబాసీ కూడా 'నేను' అనాలి. విన్నది విన్నట్టు అటు చెప్పాలి. మధ్యలో తన మాట కలపకూడదు, తన సంగతి చెప్పుకోకూడదు. పిల్లలు ఈ పద్ధతి తప్పినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి చెప్పించేది.

నలుగురు వచ్చారు, వెళ్ళారు. ఒకడికి చెమటలు పట్టాయి, ఇంకొకతెకు నోట మాట రాలేదు. చివర పొడుగమ్మాయి వచ్చింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఒక్కచోట తడబడి మేడమ్ వైపు చూసింది. మేడమ్ కళ్ళు దించుకుంది, సాయం చెయ్యలేదు. ఆ పిల్లే సర్దుకుని పూర్తి చేసింది.

ఆమె వెళ్ళాక మేనేజరు పెన్నుకు మూత పెట్టి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి మేడమ్‌ను చూశాడు. ఆయన ఆపేదాకా ఆమె ఆగింది. తర్వాత డైరెక్టరు వైపు తిరిగింది. రెండింటి నుంచీ మాట్లాడీ మాట్లాడీ గొంతు బొంగురుపోయింది.

"నేను ఈ చివర వచ్చిన అమ్మాయిని తీసుకుంటున్నాను. బాగా చెప్పింది. కానీ ఒక మాట అడగాలి. పొద్దున సినిమాకు అక్షరాలు వేసింది ఈవిడే అన్నారు. ఇప్పుడు మూడు గంటలుగా నా మాట మీకు చెప్తున్నదీ ఈవిడే. నేను ఇలాంటి మనిషి కోసమే వచ్చాను. ఈవిడ ఎందుకు దరఖాస్తు పెట్టలేదు?"

ఆఫీసరు మేడమ్‌ను చూశాడు. డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పెట్టారండీ. హాజరు తక్కువైంది," అన్నాడు.

మేడమ్ అటు తిరిగి జపనీస్‌లో చెప్పింది. మేనేజరు ఏదో అడిగాడు. ఆమె ఇటు తిరిగింది.

"ఏ రోజులు రాలేదు?"

"సినిమా రోజులండీ," అన్నాడు డైరెక్టరు.

ఆమె అటు తిరిగి అదీ చెప్పింది. ఒక్క మాట, తన మాట ఒక్కటి కలపవమ్మా అని లోపల మొత్తుకుంటున్నాను. ఆయన ముందున్నావు, ఆయన భాష నీకొచ్చు, నాకు రాదు. వస్తే నేనే చెప్పేవాణ్ణి.

మేనేజరు ఆమెను చూశాడు, డైరెక్టరును చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. చిన్నగా ఏదో అన్నాడు. మేడమ్ గొంతు సవరించుకుని ఇటు తిరిగింది.

"నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"సినిమా వేసిన ఆరు రోజుల్లో ఆవిడ ఒక్క రోజు కూడా రాలేదండీ," అన్నాడు డైరెక్టరు.

మేడమ్ మేనేజరు వైపు తిరిగింది. ఒక్క ముక్క వదలకుండా, తను రాలేదని ఆయనకు చెప్పింది.