మెడ తిప్పిన యూరియా బస్తా

వేసవి ముదిరితే కొల్లేరులో మేం వెళ్ళే వైపు నీళ్ళు ఇంకిపోతాయి. చేపల చెరువుల గట్లు దాటితే నేలంతా పలకలు పలకలుగా బీటలు వారి, కనుచూపు మేర ఎండ తప్ప ఏమీ ఉండదు. అలాంటి చోటికి ఇద్దరు ఆడవాళ్ళు పనిగట్టుకుని నడిచి వెళ్తుంటే ఎవరైనా అడుగుతారు. గేదెలు తోలుకొచ్చే ఒకాయన ప్రతిసారీ అడిగేవాడు.

"ఏం పారేసుకున్నారండీ?"

"పిట్టలండీ" అనేదాన్ని నేను. ఆయన జాలిగా చూసి గేదెల వెనక పోయేవాడు.

నేను ఏలూరులో సైన్సు పాఠాలు చెప్పి రిటైరై ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. నాతో వచ్చే ఆవిడ ఏలూరులో టైలరు. మా స్కూలు పిల్లల యూనిఫారాలు ఆవిడే కుట్టేది. వాళ్ళది ముస్లిం కుటుంబం, మాది చర్చికి వెళ్ళే కుటుంబం, అయినా పాతికేళ్ళుగా ఒకరికొకరం వదినగార్లం. ఎవరి అన్నను ఎవరు చేసుకున్నారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నెలకో శనివారం ఆవిడ అటు నుంచి, నేను ఇటు నుంచి బస్సెక్కి గుండుగొలనులో దిగుతాం. అక్కడి నుంచి ఆటో, ఆ తర్వాత మా కాళ్ళు. ఇద్దరికీ బైనాక్యులర్స్ ఒక్కటే. టీచర్ని కదా, అది ఎప్పుడూ నా మెళ్ళోనే ఉండేది.

నేను "అదిగో నీటికాకి" అంటే ఆవిడ "అవునండీ" అనేది. "అదిగో లకుముకి పిట్ట" అంటే "ఎంత బావుందో" అనేది. ఎదురు చెప్పని మనిషి దొరికితే నాకు లోకం పట్టదు. మా ఆయన ఇదే మాట ఇంకోలా అంటారు.

ఈ మే నెలలో వెళ్ళినప్పుడు ఎండ ఇంకా ఎక్కకముందే ఆ బీటల నేలలోకి దిగాం. లోపల ఒక మడుగు మిగిలి ఉందని, కొంగలన్నీ అక్కడే చేరాయని గేదెలాయన చెప్పాడు. సగం దూరం వెళ్ళేసరికి కుడివైపు, దూరంగా తెల్లగా ఏదో కనపడింది.

"అదిగో వదినగారూ, గూడబాతు! ఒక్కటే కూర్చుంది."

"అవునండీ. మెడ తిప్పుతోంది కూడాను."

అడుగులో అడుగేసుకుంటూ దగ్గరికి వెళ్ళాం. కర్రకు తగులుకున్న యూరియా బస్తా అది. నాకు నవ్వాగలేదు. "మెడ తిప్పుతోందన్నారు, ఏదండీ మెడ?" అని వెనక్కి తిరిగాను. ఆవిడ కూడా నవ్వుతోంది. కాని చూస్తున్నది బస్తా వైపు కాదు. అటుపక్క ఖాళీ నేలకేసి చూసి నవ్వుతోంది.

నా నవ్వు ఆగిపోయింది. అది విని ఆవిడా ఆపేసింది.

"బస్తా ఎటుందండీ?" అని అడిగాను. 

"ఎడమ కన్ను పూర్తిగా పోయిందండీ" అంది. "కుడి కంట్లో సూది బెజ్జమంత మిగిలింది. నీటికాసులన్నారు. ఎదురుగా పెట్టుకుంటే బాగానే కనపడుతుంది, దారం ఎక్కిస్తాను, కుట్టేస్తాను. పక్కన ఏనుగు నిలబడ్డా తెలీదు."

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"మరి ఈ రెండేళ్ళూ నేను చూపించినవన్నీ?"

"మీరు అంత సంబరంగా చూపిస్తుంటే, కనపడలేదని ఎలా అంటానండీ?"

నాకు ఒళ్ళు మండింది. మొగమాటానికి పోతే కడుపైందని మా అమ్మ ఓ మోటు సామెత చెప్పేది. అది ఆవిడ మొహం మీదే అనేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు.

"చెబితే మీరు నన్ను రానివ్వరు. ఈ బీటల్లో కాలు పడుతుందంటారు. ఇంట్లోవాళ్ళు ఇప్పటికే మానెయ్యమంటున్నారు. ఈ బెజ్జం కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నారు డాక్టరు గారు. అది మూసుకుపోయేలోగా కాసిని పిట్టలు చూద్దామనండీ, అంతే."

ఆవిడ అన్నది నిజమే. తెలిసి ఉంటే నేను తప్పకుండా మానిపించేదాన్ని, పైగా ఆవిడ మంచికే అనుకునేదాన్ని. రెండేళ్ళుగా ఆ సూది బెజ్జంలోకి ఒక్క పిట్టనైనా తెచ్చి పెట్టలేదు నేను. వేలు చూపించి, అదిగో అని, నా దారిన నేను చూసుకున్నాను. సిగ్గేసింది. కోపం ఇంకా తగ్గలేదు కాని ఎవరి మీదో తెలియలేదు.

ఆవిడ చెయ్యి పట్టుకుని మడుగు దాకా నడిపించాను. పది పన్నెండు ఎర్రకాళ్ళ కొంగలు మోకాటి లోతు బురదలో నిలబడి ఉన్నాయి.

"తోక దగ్గర గులాబీ రంగు ఉందండీ" అన్నాను.

"ఏ గులాబీ? రాణీ కలరా, బేబీ పింకా?"

"ఏదో గులాబీ."

"ఏదో గులాబీ అని అడిగితే కొట్లో దారం ఇవ్వరండీ."

"సరే, రాణీ కలరు" అన్నాను తోచినట్టు.

బైనాక్యులర్స్ తీసి ఆవిడ మెళ్ళో వేశాను. వెనక నిలబడి, రెండు చేతులతో ఆవిడ తల పట్టుకుని మెల్లగా తిప్పుతూ వచ్చాను. కాస్త ఎడమకి. ఇంకాస్త కిందకి. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"దొరికిందండీ" అంది.

చాలాసేపు అలాగే చూసింది. నా చేతులు లాగుతున్నా తియ్యలేదు.

"రాణీ కలరు కాదండీ" అంది. పాతికేళ్ళలో ఆవిడ నాతో కాదు అనడం అదే మొదలు. "రాణీ కలరు ఇంకా ముదురు. ఇది ఉతికి ఉతికి వెలిసిన రాణీ కలరు. సరిగ్గా చూసి చెప్పండి వదినగారూ. రేపు నేను చూడాల్సింది మీ మాటతోనే కదండీ."