చిట్టెమ్మకు మిగిలిన గంట

కూతురు సౌదీ వెళుతుంటే ఏ తండ్రయినా నాలుగు జాగ్రత్తలు చెబుతాడు. మనష్షే మాస్టారు చెప్పింది ఒక్కటే. "అమ్మాయ్, నేను పోతే ఏడు రోజులు నేల మీద కూర్చో. మీ అన్న కూర్చోడు."

బస్సెక్కే వేళ ఇవేం మాటలు నాన్నా అని చిట్టెమ్మ విసుక్కుంది. కానీ ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అన్న దానియేలు పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తవారి చర్చికే వెళుతున్నాడు. తల్లి ఎప్పుడో పోయింది. ఇక మిగిలింది చిట్టెమ్మే.

గుంటూరు జిల్లాలో యూదులేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ పల్లెలో ఒక వీధి వీధంతా తాము యూదులమని చెప్పుకునేది. శుక్రవారం పొద్దుగూకకముందే వంట ముగించి దీపం పెట్టేవాళ్ళు, శనివారం పొలానికి వెళ్ళేవాళ్ళు కాదు. మనష్షే మాస్టారి తండ్రి పోయినప్పుడు మాస్టారు తన చొక్కాను ఎడమవైపు గుండె మీద చింపుకుని, చెప్పుల్లేకుండా వసారాలో ఏడు రోజులు నేల మీద కూర్చున్నాడు. ఊరు ఊరంతా వింత చూసినట్టు చూసి పోయింది. ఆ చొక్కాను ఆయన మళ్ళీ కుట్టించలేదు. చింపినది చింపినట్టే ట్రంకుపెట్టె అడుగున ఉండేది. అమ్మానాన్నల కోసం చింపిన బట్టకు కుట్టు వెయ్యకూడదు అనేవాడు.

ఇంకో సంగతి కూడా ఎక్కాల్లాగా పిల్లలకు నేర్పాడు. చావు కబురు ముప్ఫై రోజుల లోపు తెలిస్తే ఏడు రోజులు కూర్చోవాలి. ముప్ఫై దాటాక తెలిస్తే ఒక్క గంటే.

"ఏడుపుకు కూడా లెక్కేనా నాన్నా?" అని చిన్నప్పుడు చిట్టెమ్మ నవ్వింది.

"లెక్క లేకపోతే కూర్చున్న మనిషి మళ్ళీ లేవడమ్మా" అన్నాడాయన.

సౌదీలో యెమెన్ సరిహద్దున నజ్రాన్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన చిట్టెమ్మ కాగితాల మీద క్రైస్తవురాలు. ఏజెంటు అలాగే రాశాడు, ఆమె దిద్దమనలేదు. ఆ దేశంలో అంతకంటే వేరే మాట నోట రావడం మెడకు ఉరి తగిలించుకోవడమే. ఒకసారి వార్డులో ముసలామె ఒకతె తన వెండి కడియం చూపించి, ఇది మా ఊరి యూదులు చేసింది, వాళ్ళంతా యెమెన్ దారిన వెళ్ళిపోయారు, మంచి పనివాళ్ళు, అంది. చిట్టెమ్మ కడియాన్ని పట్టి చూసి, బాగుందని చెప్పి, ఆమె జ్వరం రాసుకుని పక్క మంచం దగ్గరకు వెళ్ళిపోయింది.

ఆమె గదిలో తోడు మహబూబ్బీ. కడప వైపు మనిషి, అదే ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని. వయసులో ఎనిమిదేళ్ళు చిన్నది, పెత్తనంలో మాత్రం అత్తగారు. చిట్టెమ్మ శుక్రవారం సాయంత్రం డ్యూటీ మార్పించుకోవడానికి నానా తంటాలు పడుతుంటే, "మీ కిరస్తానోళ్ళకు ఆదివారం గదక్కా, నీకేంది యీ తిక్క?" అని ఆట పట్టించేది. ఇద్దరి మధ్యా దాపరికాలు లేవని ఆ పిల్ల నమ్మకం. ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పి చదివేంత చనువు.

తొంభై ఒకటి జనవరిలో గల్ఫ్ యుద్ధం వచ్చింది. క్షిపణులు పడుతున్నది ఎక్కడో రియాద్ మీద. అయినా నజ్రాన్‌లో సెలవులన్నీ రద్దు చేశారు. పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, కఫీలు, అంటే పని ఇచ్చిన యజమాని, ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెడితేనే దేశం దాటేది. ఊరి నుంచి ఉత్తరం ముక్క లేదు. యుద్ధం కదా, టపా ఆలస్యమని చిట్టెమ్మ సరిపెట్టుకుంది.

యుద్ధం ఆగిందని రేడియోలో విన్న మూడో రోజు మధ్యాహ్నం మహబూబ్బీ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని, తన పెట్టెలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది. దానియేలు రాత. జనవరి ఇరవై ఆదివారం పొద్దున నాన్న పోయాడు. సాయంత్రమే మట్టి చేశాం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. నువ్వు దిగులు పెట్టుకోకు.

"ఇదెప్పుడొచ్చింది?"

"ఫిబ్రవరి ఆరున. చెప్తే నువ్వేం చేస్తావక్కా? కఫీలు ఎగ్జిట్ ఇయ్యడు, పోయేదానికి ఇమానాలు లేకపాయ. ఈడ కూసోని గోడకు తల కొట్టుకుంటావు. నా చేతుల్తో ఎట్ల ఇచ్చేది? అందుకే దాచిపెడ్తి." ఆ మాటలతోనే మహబూబ్బీ భోరుమంది.

గల్ఫ్‌లో అందరూ చేసే పనే అది. వెళ్ళే దారి లేనివాడికి చావు కబురు చెప్పరు. చిట్టెమ్మ కూడా చేసింది. కిందటేడు కేరళ నర్సు తమ్ముడు పోతే నెల రోజులు నోరు మెదపలేదు.

చిట్టెమ్మ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. ఉత్తరం వచ్చింది పద్దెనిమిదో రోజు. ఇవాళ నలభై రెండో రోజు. ఇంకోసారి లెక్కపెట్టింది. నలభై రెండే.

నేల మీద కూర్చోవడానికి కఫీలు సంతకం అక్కర్లేదు. విమానం అక్కర్లేదు. ఆ రోజే తెలిసుంటే రోజూ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడిచి, ఈ గదిలోనే గోడవారగా కూర్చునేది. నాన్న ఆమెను అడిగింది అదొక్కటే, ఆమెకు చేతనయిందీ అదొక్కటే. ఆ మాట మహబూబ్బీకి ఎలా చెప్పడం? చెప్పాలంటే మొదట తానెవరో చెప్పాలి. కోపం ముంచుకొచ్చింది. కానీ ఎదురుగా ముక్కు చీదుకుంటూ కూర్చున్న ఆ పిల్లను చూస్తే దాన్ని ఎవరి మీద విసరాలో తెలియలేదు.

చిట్టెమ్మ లేచి రవికను మెడ దగ్గర ఎడమవైపు బెత్తెడు చింపింది. చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది. గోడ గడియారంలో మూడుంపావు.

"నేల సల్లగుండాది, పైకి రా అక్కా" అని మహబూబ్బీ దిండు తెచ్చింది. వద్దంది. టీ తెచ్చింది. అదీ వద్దంది. ఏడు రోజుల ఏడుపును గంటలో ఏడవాలి. తీరా కూర్చుంటే కన్నీళ్ళు రాలేదు. నాన్న ముఖాన్ని తలుచుకోబోతే ఆయన పాత సైకిలు గుర్తొచ్చింది, చైను ఊడిపోయినప్పుడల్లా ఆయన పడే అవస్థ గుర్తొచ్చింది. నాలుగున్నరకు డ్యూటీ ఎక్కాలన్నది కూడా గుర్తొచ్చింది. నాలుగు దాటాక ఏడుపు వచ్చింది. వచ్చిన పది నిమిషాలకు నాలుగుంపావు అయింది. నాన్న నేర్పిన లెక్క ప్రకారం ఆమె లేచి, ముఖం కడుక్కుని, చింపిన రవికను మంచం మీద పెట్టి, యూనిఫాం వేసుకుని వెళ్ళింది.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి మంచం మీద రవిక లేదు. మహబూబ్బీ చేతిలో ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, నలగకుండా అరచేతుల మీద పట్టుకుని నిలబడింది.

"చూడక్కా, యాడ చినిగిందో కనుక్కో చూద్దాం. కడపలో నా కుట్టుకు పేరుండ్య" అంది. నిన్నటి ఏడుపు తర్వాత ఆ ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది.

చిట్టెమ్మ రవిక మెడ పట్టీ మొత్తం వేలితో తడిమింది. తిరగేసి కిటికీ దగ్గర వెలుతురులో మళ్ళీ తడిమింది. నాన్న కోసం చింపిన చోటు దొరకలేదు.

"బాగా కుట్టావు మహబూబ్బీ" అంది.