ముత్తుకూరు ఇసకలో అంతర్జాతీయ రగ్బీ

ఇప్పుడంటే తెలియనిది ఏదైనా ఉంటే ఫోన్లో ఒకసారి చూసుకుని, పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు మాట్లాడుతున్నాం గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తెలియని సంగతి మాట్లాడాలంటే సొంత ధైర్యం ఒక్కటే దిక్కు. అది నాకు పుష్కలంగా ఉండేది. నెల్లూరులో డిగ్రీ ముగించి, ముత్తుకూరు దగ్గర కడుతున్న కరెంటు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో చేరాను. బాయిలర్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్ల మాట మనవాళ్ళకీ, మనవాళ్ళ మాట వాళ్ళకీ చేరవేయడం నా పని. (మధ్యలో నా అభిప్రాయం కూడా కొంత కలిపేదాన్ని. దానికి వేరే జీతం అడగలేదు.) మా మేనేజరు పైవాళ్ళు ఏం చెప్పినా "అట్టనే సార్" అనేవాడు కాబట్టి చాటుగా ఆయన పేరే అట్టనే సార్ అయిపోయింది. పైవాళ్ళకు తల నిలువుగా ఊపి ఊపి మెడ పట్టేసేదేమో, నేను నోరు తెరిస్తే మాత్రం అడ్డంగా తిప్పేవాడు.

గొడవ క్యాంటీన్లో మొదలైంది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, మెడలో వేసుకున్న గుర్తింపు కార్డును గడ్డమే కప్పేసేది కనక మాకు గడ్డం సార్. ఆ వారం వాళ్ళ దేశం వేరే దేశంతో రగ్బీ ఆడబోతోందట. జట్టులోకి ఎవరిని తీసుకోవాలి, ఎవరిని కూర్చోబెట్టాలి అని ఆయన కూతురి పెళ్ళికి వంటవాళ్ళను కుదుర్చుకునే తండ్రిలాగా మథనపడుతున్నాడు. మర్యాదకు అదేం ఆట అని అడిగాను. చాలాసేపు చెప్పాడు. జట్టుకు పదిహేనుమంది అనీ, దోసకాయ లాంటి బంతి ఉంటుందనీ, దాన్ని పట్టుకున్నవాడి మీద మిగిలినవాళ్ళు పడతారనీ అర్థమైంది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఆయన చివర్లో, ఈ ఆట మీకు నప్పదు, మీరు ఒకరికొకరు దూరంగా నిలబడి ఆడే క్రికెట్ మనుషులు అన్నాడు. దూరంగా అట. పొద్దున పూట నెల్లూరు నుంచి కృష్ణపట్నం వెళ్ళే బస్సు ఒక్కసారి ఎక్కినవాడెవడూ మా గురించి ఆ మాట అనడు. మీ పదిహేనుమందిని తీసుకురండి, మావాళ్ళను నేను తెస్తాను అన్నాను.

పక్క టేబుల్ దగ్గర పెరుగన్నం తింటున్న అట్టనే సార్ చెయ్యి ఆగిపోయింది. "మనవాళ్ళు ఓడిపోతే ఏంది?" అని అడిగాడు.

"ఓడిపోతే నేనింక ఆఫీసులో ఎదురు మాట్లాడను" అన్నాను.

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చి, నేను చేరింది మొదలు తొలిసారి నన్ను చూసి నవ్వాడు. అందరూ విన్నారు కదా అని క్యాంటీన్ మొత్తాన్నీ అడిగాడు. విన్నామన్నారు. సాయంత్రానికల్లా ఆదివారం ఆటకు ఆయనే అనుమతి ఇచ్చి, 'అంతర్జాతీయ రగ్బీ పోటీ' అని ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. (బొమ్మ మాత్రం వాలీబాల్‌ది. నెల్లూరు ఫ్లెక్సీ షాపులో అదే దొరికిందట.) (విదేశీయులు ఏ దేశంవాళ్ళైనా ఆ వారానికి మాకు న్యూజిలాండే.) ఆ వారమంతా మా ఆఫీసు న్యూజిలాండ్ గెలవాలని కోరుకుంది. నా నోరు మూతపడటమన్నది వాళ్ళకు బోనస్ లాంటిది.

ఇక జట్టు. ముందు వరసలో ఎనిమిదిమంది బరువైనవాళ్ళు, వెనక ఏడుగురు వేగం ఉన్నవాళ్ళు కావాలని గడ్డం సార్ చెప్పాడు. కొడవలూరులో మా మేనత్త కొడుకు, కబడ్డీ బావ, మా వైపు వరిమళ్ళ ఊళ్ళన్నిటికీ పేరున్న ఆటగాడు. కబురంపితే తన జట్టుతో మోటారు సైకిళ్ళ మీద దిగాడు. కబడ్డీ జట్టు కాబట్టి సరిగ్గా ఏడుగురు. ఎనిమిదిమంది కోసం సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. అక్కడ అలివి వల లాగే గుంపుకు పెద్ద ఒకాయన, ఊరందరికీ వల మామ. అలివి వలంటే, పడవలో తీసుకుపోయి సముద్రంలో విప్పి, రెండు కొసల తాళ్ళనూ ఒడ్డునుంచి లాగుతారు. పెద్ద ఈల వేయగానే, తాడు పట్టుకుని అందరూ ఒక్క ఊపున వెనక్కి వెనక్కి నడుస్తారు. చిట్టచివరివాడు తాడు వదిలి పరుగున నీళ్ళ దగ్గరికి పోయి మళ్ళీ మొదట పట్టుకుంటాడు. ఈ తాడులో ఇద్దరినీ ఆ తాడులో ముగ్గురినీ ఏరబోతే వల మామ ఒప్పుకోలేదు. తాడుకు ఎనిమిదిమందంట, వస్తే ఎనిమిదిమందీ వస్తారంట, లేకపోతే లేదంట. ఎనిమిదీ ఏడూ పదిహేను. జట్టును ఎంపిక చేసింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటుంటాను గానీ, నేను చేసింది ఆ కూడిక ఒక్కటే.

నాయకుడెవరనే దగ్గర కబడ్డీ బావకూ వల మామకూ పడలేదు. ఇద్దరూ నాయకులే అన్నాను. (అప్పటికి అది తెలివైన తీర్పులాగే కనపడింది.) తరవాత పుల్లతో ఇసకలో గీతలు గీసి వ్యూహం చెప్పాను. బంతి పట్టుకుని ముందుకు పరిగెత్తాలి, ఇంకొకరికి ఇవ్వాలంటే మాత్రం వెనకున్నవాడికే ఇవ్వాలి. అందరూ గీతల్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ గీతల్ని చూశారు.

"ముందుకు పోవాలంటావు, ఎనక్కి ఇయ్యాలంటావు. యాడికి పోవాలో ఒకమాట చెప్పుమే" అన్నాడు వల మామ.

"నువ్వెప్పుడన్నా ఆడినావా?" అన్నాడు కబడ్డీ బావ.

"నువ్వాడినావా?" అన్నాను. ఆ వారం సందేహాలన్నీ దాదాపు ఇలాగే తీరాయి. ఒక్కటి మాత్రం తీరలేదు, ఆఫ్‌సైడ్. గడ్డం సార్ పాపం, ఎదుటి జట్టువాడై ఉండి కూడా టీ చల్లారిపోయేదాకా విడమరిచి చెప్పాడు. నేను దాన్ని తెలుగులో, బంతికంటే ముందున్నవాడు ఏమీ ముట్టుకోకుండా, ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడాలి అని చెప్పాను. అట్టయితే మమ్మల్ని ఇంతదూరం ఎందుకు రప్పించినావు, మీ ఆఫీసోళ్ళను పెట్టుకోకపోయినావా అన్నాడు బావ.

రిఫరీగా ఐసు భాయిని కుదిర్చాం. పడవలకు ఐసు వేసే పెద్దమనిషి, ఏ ఊరి గొడవల్లోనూ తలదూర్చనివాడు. అన్నిటికీ మించి, ఐసు లారీ వెనక్కి తీయించేటప్పుడు ఊదే విజిల్ ఆయన దగ్గరే ఉంది.

ఆదివారం ప్లాంటు వెనక గట్టి ఇసకలో ఆట మొదలైంది. ఏం జరిగిందో వరసగా చెప్పమంటే అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. కబడ్డీ కుర్రాళ్ళు మెరుపులా వెళ్ళి బంతి ఉన్నవాడి భుజం తాకి, అంతే వేగంగా మన వైపుకు పారిపోయి వచ్చి, పాయింటు వచ్చిందని చెయ్యెత్తి నిలబడ్డారు. తాకించుకున్న విదేశీయుడు తన మీద ఇంకా ఎవరూ పడరేమని కాసేపు నిలబడి చూసి, సందేహంగా ముందుకు నడిచాడు. మన చేతికి బంతి వస్తే, వలవాళ్ళు ఒకరినుంచి ఒకరికి వెనక్కి అందించుకునేవాళ్ళు, తాడు దగ్గరలాగే చివరివాడు పరుగున ముందుకు వచ్చి చెయ్యి చాపేవాడు. గడ్డం సార్ "ఆఫ్‌సైడ్" అని అరిచేవాడు. ఐసు భాయి మనుషులు గుమిగూడినప్పుడల్లా విజిల్ ఊదేవాడు, లారీ దగ్గర అలవాటు కదా. విదేశీయులు అవతలి గీత దాటి బంతి పెట్టి సంబరపడితే, ఇప్పుడు ఊదాలా వద్దా అని నా వైపు చూసేవాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను. నాకూ తెలియదు మరి.

అప్పుడొచ్చింది స్క్రమ్. ఎనిమిదిమందీ ఎనిమిదిమందీ వంగి, భుజాలు కలిపి, బంతి కోసం ఎదురెదురుగా నెట్టుకోవడం అన్నమాట. ఒకరి నడుం ఒకరు పట్టుకుని, మడమలు ఇసకలో దిగేసి, మనవాళ్ళు దిట్టంగా కనపడ్డారు. నాకు ఛాతీ పొంగింది. ఐసు భాయి విజిల్ ఊదాడు. పట్టు దొరికాక ఈల వినపడితే మనవాళ్ళకు తెలిసింది ఒక్కటే. ఎనిమిదిమందీ ఒక్క ఊపున వెనక్కి లాగారు. అంతదాకా సత్తువంతా పెట్టి నెడుతున్న న్యూజిలాండ్ ముందు వరస మొత్తం బోర్లా ఇసకలో పడింది. బంతి ఒంటరిగా మిగిలింది. వల మామ దాన్ని తీసుకుని నన్ను చూసి "యాడికి?" అన్నాడు. చూపించాను. అడ్డం వచ్చేందుకు దగ్గరలో నిలబడి ఉన్నవాడు లేడు కాబట్టి పరిగెత్తకుండా నడిచే అవతలి గీత దాటి, చేపల గంప దించినట్టు దించి వచ్చాడు.

గడ్డం సార్ నోట్లో ఇసక ఊసుకుంటూ, నెట్టాలి గానీ లాగకూడదన్నాడు. లాగకూడదని మీరు చెప్పలేదన్నాను. ఇంకా ఎన్నో అనేదాన్ని, ఇంతలో ఒడ్డున ఎవరో చేపల దండు వచ్చిందని కేక వేశారు. వల మామ గుంపు నాకు ఒక్కమాటైనా చెప్పకుండా అటు పరిగెత్తింది. ఏం జరిగిందోనని విదేశీయులు వాళ్ళ వెనక పరిగెత్తారు. నేను వెళ్ళేసరికి గడ్డం సార్, తాడు పట్టుకుని, వల మామ పక్కన వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. లెక్క ఎంతైందని ఐసు భాయిని అడిగాను.

"విజిలు ఊదమన్నారు, ఊదినా. లెక్క పెట్టమని ఎవరు చెప్పినారు తల్లీ?" అన్నాడు.

సోమవారం పొద్దున అట్టనే సార్ నన్ను పిలిచి, ఓడిపోయినాం కాబట్టి ఒప్పందం ప్రకారం నోరు మూసుకోమన్నాడు. ఓడిపోయామో లేదో తేలాలి కదా సార్ అన్నాను. తేలాలంటే రెండు పక్షాలూ మాట్లాడాలి, మన పక్షాన మాట్లాడేది నేను, నేను నోరు మూసుకుంటే తేలేదెలా అన్నాను. ఆయన, అప్పుడే పనిమీద వచ్చిన గడ్డం సార్ వైపు దిక్కుతోచనట్టు చూశాడు. గడ్డం సార్, నా అభిప్రాయం నాకుంది గానీ ముందు ఆ అమ్మాయిని ముగించనివ్వండి అన్నాడు. ప్లాంటు కట్టడం అయిపోయి, ఆయన వాళ్ళ దేశం వెళ్ళిపోయేనాటికి కూడా నేను ముగించలేదు.

ఇప్పుడు ఆ ఆట ఫోన్లో వస్తే చూస్తుంటాను. ఆఫ్‌సైడ్ కూడా అర్థమైంది. అర్థమైనప్పటినుంచీ ఆ రోజుల్లో మాట్లాడినంత గట్టిగా మాట్లాడలేకపోతున్నాను. ఏమీ తెలియకుండా పుల్ల పట్టుకుని పదిహేనుమంది మగవాళ్ళకు ఇసకలో దారి చూపించిన ఆ పిల్ల కనపడితే ఒక్క పూట పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన నెల నెల్లూరులో ఒక పెళ్ళిలో అట్టనే సార్ కనిపించాడు. బాగా పెద్దవాడైపోయాడు, చెవికి వినికిడి మిషను పెట్టుకున్నాడు. నన్ను దూరంనుంచే గుర్తుపట్టి, ఆ మిషను తీసి జేబులో వేసుకుని, హాయిగా నవ్వాడు. నేను పక్కన కూర్చుని, లాగకూడదని ముందే చెప్పలేదు కాబట్టి న్యాయంగా మనమే గెలిచామని మొత్తం వివరించాను. ఆయన ప్రతిమాటకూ నిలువుగా తల ఊపాడు. అన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే. అయినా ఎందుకో మనసు చివుక్కుమంది.

"మిషను పెట్టుకోండి సార్, మళ్ళీ మొదటినుంచి చెప్తాను" అన్నాను, ఆయన చెవి దగ్గరికి వంగి.