నేజా కిటికీ

నేజాకు పొగ అంటే పడదు. పడకపోయినా ముప్ఫై ఏళ్లుగా పొగలోనే నిలబడుతోంది. ఏటా ఆగస్టులో, ఊరివాళ్లే నడుపుకునే అగ్నిమాపక దళం పెట్టే విందులో మాంసం కాల్చేది ఆవిడే మరి. డేరా కింద పొయ్యి, పొయ్యి ముందు ఆవిడ. మగమహారాజులు బల్లల దగ్గర చల్లగా కూర్చుని, సోడా కలిపిన వైన్ తాగుతూ, ఇంకో పళ్లెం పంపమని కేకలు పెడుతుంటారు.

అందుకే దళం కొత్త డేరా కొనాలనుకున్నప్పుడు, పొయ్యి పైన పొగ పోవడానికి ఒక కంత పెట్టించమని నేజా పట్టుబట్టింది. డేరాకు కంతేమిటని అందరూ నవ్వారు. ఆవిడ మూడేళ్ల పాటు ప్రతి సమావేశంలోనూ లేచి అదే మాట అంది. చివరికి ఆవిడ నోటికి దడిసి ఒప్పుకున్నారు. డేరా నడినెత్తిన మూరన్నర చదరపు కంత, దాని చుట్టూ కట్టుకోవడానికి గుడ్డ రెక్కలు. దానికి 'నేజా కిటికీ' అని పేరు పెట్టారు. ఎవరి గ్లాసులో వాన చుక్క పడినా ఆవిడనే దెప్పేవారు.

ఈ ఏడు విందు శనివారం అనగా, బుధవారం మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. కోడిగుడ్డంత ఒక్కోటి. పావుగంటలో ఊళ్లో పెంకులన్నీ పిండైపోయాయి. నేజా ఇంటి కప్పు జల్లెడైంది. పశువుల కొట్టం మీద కప్పే మిగల్లేదు.

ప్తుయ్ పట్నం వైపు ఉల్లి పండించే వాళ్లందరిలాగే నేజా కూడా పంటనంతా జడలల్లి అటక మీద వేలాడదీస్తుంది. నాలుగు వందల జడలు. వాటికంటే ముఖ్యం, పొగగొట్టం చుట్టూ వేలాడుతున్న విత్తనపు గడ్డలు. ఆవిడ అత్తగారి నాటి విత్తనం అది, ఏ దుకాణంలోనూ దొరకదు. అన్నిటికంటే పొడిగా ఉండే చోటని వాటినక్కడ కడతారు. ఇంకా తడవలేదు గానీ, ఒక్కసారి తడిస్తే వారంలో కుళ్లు మొదలవుతుంది. కిందికి దించుదామంటే ఉన్న రెండు గదుల్లోనూ కిటికీలు పగిలి నీళ్లు నిలిచాయి. పడమర మళ్లీ నల్లగా కమ్ముకొస్తోంది.

నాలుగింటికి దళనాయకుడు ఫ్రాంచెక్ నిచ్చెన మోసుకుంటూ వచ్చాడు. యాభై దాటినవాడు, కానీ నేజా ఎత్తుకుని ఆడించిన పిల్లాడే. ఉన్న టార్పాలిన్లు పసిపిల్లల ఇళ్లకూ మంచం పట్టిన వాళ్ల ఇళ్లకూ సరిపోయాయనీ, పట్నం నుంచి వచ్చే లారీ రేపు గానీ రాదనీ తలవంచుకుని చెప్పాడు. నేజా అతన్ని తప్పు పట్టలేదు. డేరా ఉంది కదా అని మాత్రం అడిగింది.

ఫ్రాంచెక్ నిచ్చెనను గోడకు ఆనించాడు. ఆ డేరాను కన్నబిడ్డలా చూసుకుంటాడు. పైగా శనివారం విందు. కాసేపు మబ్బును చూశాడు, కాసేపు అటకను చూశాడు. తర్వాత మనుషుల్ని పంపి డేరా తెప్పించాడు.

గుడ్డను కప్పు పైకొస దాటించి అవతలి వైపు దించితేనే నీళ్లు లోపలికి దిగవు. కానీ పైకొస పక్కనే పొగగొట్టం అడ్డుగా నిలబడి ఉంది. దాన్ని తప్పించి వేస్తే సందు మిగిలేది సరిగ్గా విత్తనపు గడ్డల మీదే. ఒకతను గుడ్డ కోయడానికి కత్తి తీశాడు. కోస్తే ఊళ్లో తల ఎత్తుకోలేనని ఫ్రాంచెక్ అడ్డం పడ్డాడు. కప్పు మీదే వాదన మొదలైంది. ఉరుము వినబడింది.

కింద మెడ నొప్పెట్టేలా పైకి చూస్తున్న నేజా అప్పుడు నోరు తెరిచింది.

"ఒరేయ్ ఫ్రాంచెక్, నా కిటికీ ఏమైందిరా?"

పైన అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుడ్డ తిప్పి, కంతను పొగగొట్టానికి చొక్కా తొడిగినట్టు తొడిగారు. సరిపోయింది. రెక్కలు ఇటుకల చుట్టూ చుట్టి తాడుతో బిగించారు. అంచులు చెక్క బద్దలకు చుట్టి మేకులు కొట్టారు. ఆఖరి మనిషి నిచ్చెన దిగుతుండగా వాన అందుకుంది.

నేజా అటకెక్కి టార్చి పట్టుకుని కూర్చుంది. డేరా మీద వాన దబదబా బాదుతోంది. పొగగొట్టం ఇటుకలను చేత్తో తడిమి చూసింది. పొడిగా ఉన్నాయి. విత్తనపు గడ్డల్ని ఒక్కొక్కటే తడిమింది. అవీ పొడిగానే ఉన్నాయి. గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. ఎవరూ చూడటం లేదు కదా అని కాసేపు ఏడ్చింది.

చూడటానికి ఫ్రాంచెక్ రానే వచ్చాడు, ఒళ్లంతా తడిసి.

"మూడేళ్లు నవ్వాను అత్తా," అన్నాడు.

"నాకు తెలుసులే. ముందు ఆ తల తుడుచుకో," అంది నేజా.

కప్పు వేసేవాడు అక్టోబరు దాకా రానన్నాడు. అందాకా డేరా దిగదు. శనివారం విందు ఆకాశం కిందే జరిగింది. నేజాను బల్ల దగ్గర కూర్చోబెట్టి, పొయ్యి దగ్గర ఫ్రాంచెక్ నిలబడ్డాడు. గాలి అతని మీదికే తిరిగింది. ఎర్రబడ్డ కళ్లు మోచేత్తో తుడుచుకుంటూ, ఇంతకాలం ఇదెలా భరించావు అత్తా అని అడిగాడు.

నేజా గ్లాసు పక్కన పెట్టి, ఇంకో పళ్లెం పంపమంది.