లారీ ఎక్కించిన కుడిచెయ్యి

అతని వీసాలో సామాను మోసే పని అని రాసి ఉండేది. అసలు మా కంపెనీ అతన్ని కడప నుంచి తెప్పించుకున్నది శుక్రవారం మ్యాచుల్లో ఫాస్ట్ బౌలింగ్ చేయించడానికి. మా మేనేజరుకు క్రికెట్ పిచ్చి. నాది అమలాపురం వైపు. కువైట్లో, షువైఖ్ గోడౌన్లో గుమాస్తాని, జట్టుకు వికెట్ కీపర్ని. ఆరేళ్ళు అతని బంతులు పట్టి నా వేళ్ళు వంకర పోయాయి. అయినా అతను పరిగెత్తుకొస్తుంటే నాకు గర్వంగానే ఉండేది.

గోడౌన్లో ఏ మూటైనా ఎడమ భుజం మీదే మోసేవాడు. "ఆ కుడిచేతికి దిష్టి తీయించుకోరా" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు గానీ, బంతి వేసే ఆ చేత్తో ఖాళీ గ్యాస్ సిలిండర్ కూడా ఎత్తేవాడు కాదు. ఎండలు తగ్గాక కువైట్ జట్టు ఎంపికకు పంపిస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఆ పంతొమ్మిదివందల తొంభై ఆగస్టులోనే ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మేం ఆడే మట్టి మైదానంలో ట్యాంకులు నిలిపారు. మేనేజరు ఎటు పోయాడో తెలియలేదు.

మూడు వారాలకు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే లారీలు దొరికాయి. తోపులాటలో అతను ఎక్కేశాడు, నేను కింద ఉండిపోయాను. లారీ కదిలింది. "పట్టుకోన్నా!" అంటూ వంగి కుడిచెయ్యి చాపాడు. రెండు చేతులతో దానికి వేలాడాను. అతని భుజంలో ఏదో కటుక్కుమంది. అయినా వదల్లేదు, లాగేశాడు. కాసేపటికి వెనక్కి చూస్తే ఇంకో లారీ వస్తోంది, సగం ఖాళీగా. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఆ చెయ్యి వదిలేసి ఉంటే నాకేం పోయేది?

జోర్డాన్ గుడారాల్లో విమానం కోసం పడిగాపులు కాశాం. భుజం వాపు తగ్గింది. ఒక సాయంత్రం ఎవరో టెన్నిస్ బంతితో ఆడుతుంటే అడిగి తీసుకున్నాడు.

"వద్దురా, ఊరెళ్ళాక చూసుకుందాంలే" అన్నాను.

"ఒక్కటే అన్నా. తెలుసుకోవల్ల గదా."

వికెట్లుగా పెట్టిన రేకు డబ్బా నుంచి, అతని వేగానికి ఎప్పుడూ వెళ్ళినట్టే ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి వంగి కూర్చున్నాను. పరుగు పాత పరుగే. చెయ్యి మాత్రం చెవి దాకా లేవలేదు. బంతి రెండు గంతులేసి డబ్బా దగ్గరే ఆగిపోయింది. ఇసుక మెత్తగా ఉందన్నాను. ఎదురుగాలి అన్నాను. నోటికొచ్చిందల్లా అన్నాను.

అతను వచ్చి బంతి తీసుకుని మళ్ళీ వెనక్కి నడిచాడు. ఇటు తిరిగి నన్ను పిలిచాడు.

"ఆడ నిలబడి ఏం జేస్తావన్నా? ఇంగ ముందుకు రా."

నెమ్మదిగా బంతులేసే స్పిన్నర్లకు కూర్చున్నట్టు డబ్బా పక్కకే వచ్చి కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. అతను చూడనట్టే ఉండి, మెల్లగా ఇంకో బంతి వేశాడు.