బిస్కెట్ డబ్బాలో మిగిలిన గోలీలు

ఈ రోజు మా ఇంటామెను మణుగూరు దవాఖానాకు తీసుకుపోయాను. నెల రోజులుగా మూత్రంలో మంట, జ్వరం. డాక్టరమ్మ రిపోర్టు చూసింది.

"అవ్వా, మామూలు యాంటీబయాటిక్ గోలీలు నీకింక పనిచేస్తలేవు. ఇంతకుముందు శానసార్లు మింగినవా?"

"మంట లేసినప్పుడల్లా రెండు ఏసుకున్న. తగ్గంగనే ఆపిన."

"ఎవరిచ్చిన్రు?"

"నేనే దుకాణంల కొనుక్కున్న బిడ్డా."

ఇచ్చింది నేను. నా కాలిపుండుకు డాక్టరు రాసిచ్చిన గోలీలు మిగిలితే బిస్కెట్ డబ్బాలో దాచి, ఆమెకు పెట్టాను. అక్కడ మాత్రం గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.

"గవి కడుపుల ఉండే మంచి బ్యాక్టీరియాను గూడ చంపుతయ్. ఇప్పుడు రాసే ఇంజెక్షన్లు మొత్తం చేయించుకో. దాంతోపాటు పెరుగు, చద్దన్నం, ఉల్లిగడ్డ తిను. మంచియి పెరిగితే చెడ్డవాటికి జాగ దొరకది" అంది డాక్టరమ్మ.

ఆటోలో అడిగాను. "ఎందుకట్ల చెప్పినవే?"

"అందరి ముందల నిన్ను తిడితే నేను చూడాల్నా?"

ఇంటికొచ్చి, రేపటి చద్దికి అన్నంలో పాలు, తోడు నేనే కలిపి పెట్టాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు. రేపు ఇంజెక్షనుకు పోయినప్పుడు ఆ డబ్బా డాక్టరమ్మ ముందు పెట్టి నిజం చెప్పాలి. మీ ఇళ్లలోనూ ఇట్లాంటి డబ్బా ఉండే ఉంటుంది. మాట ఎట్లా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.