ఎక్కడ ఆపాలో రాయని లెక్క

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు నేను పట్నంలో బి.ఎస్సీ. చదువుతున్నాను. ఇల్లు ఖాజాగూడలో. ఇప్పుడు అద్దాల మేడలున్న దారి పొడుగునా అప్పుడు జొన్నచేలూ బండలే. పొద్దున్నే సైకిలెక్కితే కాలేజీ చేరేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయేది.

లెక్కలు కట్టే పద్ధతులు నేర్పే సార్ మొదటి రోజే ఇంటిపని ఎలా ఉండాలో చెప్పేశారు.

"జవాబు నాకొద్దు, దారి కావాలె. ఒక్కో మెట్టు ఒక్కో వరుసల రాయున్రి. కూడుడు, తీసుడు, గుణించుడు, భాగించుడు తెలిసినోడు ఎవడైనా సరే, మిమ్మల్ని ఒక్క మాట అడగకుంట చెయ్యగల్గాలె. ఎవరి సాయమన్న తీసుకుంటే, వాళ్లెవరో కింద రాయున్రి."

మొదటి ఇంటిపని పదికి వర్గమూలం. ఒక అంకె ఊహించు. దానితో పదిని భాగించు. వచ్చినదాన్నీ ఊహించినదాన్నీ కలిపి సగం చెయ్యి. ఆ సగంతో మళ్ళీ ఇదే చెయ్యి. నాలుగే వరుసలు రాసి, అందరికంటే ముందు ఇచ్చి, మురిసిపోయాను.

మర్నాడు సార్ మా కాగితాలు తారుమారు చేసి పంచి, ఎవరూ నోరు మెదపకుండా చెయ్యమన్నారు. నాది ముందు బెంచీలోని ఒక నెమ్మదస్థుడికి పడింది. అందరూ ముగించి పెన్సిళ్ళు పెట్టేశారు. అతను మాత్రం రాస్తూనే ఉన్నాడు. గంట కొట్టేసరికి మూడు కాగితాలు నిండాయి.

"ఇంక కాలేదా?" అన్నారు సార్.

"ఆపుమని ఎక్కడ లేదు సార్," అన్నాడు పాపం, వేళ్ళు విదిలించుకుంటూ.

క్లాసంతా ఘొల్లుమంది. సార్ నవ్వలేదు. "మళ్ళ రాసుకరా. గీసారి ఇంట్ల ఎవరితోనన్న చేపించి చూడు," అని కాగితం నా చేతిలో పెట్టారు.

ఇంట్లో మా అక్క ఉంది, తొలి కాన్పుకు వచ్చింది. అమ్మ ఏ పనీ ముట్టనివ్వక ఆమెకు పొద్దుపోవడం లేదు. నాలుగో తరగతి దాకా చదివింది. దశాంశాలు నేనే నేర్పాను. అప్పట్లో మా కాలేజీ చదువంతా ఉర్దూలోనే కాబట్టి, ఉర్దూలో రాసిన నా వరుసలను తెలుగులోకి మార్చి, పలకతో సహా ఆమె ముందు పెట్టాను.

"ఊహించు అంటే ఏంది? వెయ్యి అనుకోవచ్చా?"

నేను చెప్పబోయాను.

"నువ్వు మాట్లాడకు. మీ సార్ వద్దన్నడు గద. కాయితం మీద రాయి."

మూడుతో మొదలుపెట్టమని రాశాను. కాసేపటికి మళ్ళీ తలెత్తింది. "చుక్క తర్వాత ఎన్ని అంకెలు? పలక సాలుతలేదు." నాలుగు చాలని రాశాను. ఆమె పెదవులు కదుపుతూ భాగించింది, తుడిచింది, మళ్ళీ భాగించింది.

"తమ్మీ, మళ్ళ గదే అంకె వచ్చింది. ఇగ చేసుడెందుకు? ఆపుడే."

అదే నాకు తట్టనిది. "ముందు వచ్చిన అంకే మళ్ళీ వస్తే ఆపు" అని చివరి వరుస రాశాను. సాయం చేసినవాళ్ళెవరో రాయాల్సిన చోట మాత్రం ఆగిపోయాను. క్లాసులో నవ్వుతారని భయం. చివరికి "మా అక్క. ఎక్కడ ఆపాలో ఆమే చెప్పింది" అని రాసేశాను.

సార్ ఆ కాగితాన్ని మళ్ళీ ఆ నెమ్మదస్థుడికే ఇచ్చారు. అతను బిక్కమొహంతో నా వైపు చూశాడు. కానీ పది నిమిషాల్లో పెన్సిలు కింద పెట్టి, హాయిగా వెనక్కి వాలాడు. సార్ అడుగు వరుస చదివారు.

"మీ అక్క ఎందాక చదివింది?"

"నాలుగో తరగతి సార్."

"గామె ఉన్నన్ని దినాలు నీకేం ఫికర్ లేదు," అన్నారు. ఎవరూ నవ్వలేదు.

పదికి తొమ్మిది వచ్చాయి. అక్కకు చెప్తే సంతోషపడకపోగా, "ఒకటెందుకు కోసిండు?" అంది.

"చేతిరాత బాగలేదట."

"గది నీ తప్పు, నాది కాదు," అని తేల్చేసింది.

కాన్పు దాకా నా ఇంటిపనులన్నీ ఆమె పలక మీదుగానే వెళ్ళాయి. మేనకోడలు పుట్టిన నాలుగో రోజు చూడబోతే, మంచం మీంచే చెయ్యి చాపింది.

"ఈ వారం లెక్క ఏది? తెచ్చినవా, లేదా?"